జూనియర్ వకీలు స్టైఫండ్‌తో చెన్నైలో జడ్జి పరీక్షకు ప్రిపరేషన్

చెన్నైలో జూనియర్‌గా ప్రాక్టీసు చేస్తూ ఆంధ్రప్రదేశ్ జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్నాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి లా పూర్తి చేసుకుని వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు సిలబస్ కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: సీనియర్ ఇచ్చే డబ్బుతో ఈ ఊళ్లో నెల గడుస్తుందా అని. సివిల్ జడ్జి ఉద్యోగానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ నిర్దేశించిన తరువాత ఈ ప్రశ్నకు బరువు పెరిగింది. ఇంటిపట్టున ఉండి చదివి రాయగలిగిన పరీక్షకు ఇప్పుడు మూడేళ్ల అద్దె, తిండి ఖర్చులు కూడా ముందే లెక్క వేసుకోవాలి.

చెన్నై, మదురై, కోయంబత్తూరులలో జూనియర్లకు నెలకు కనీసం రూ.20,000, మిగతా జిల్లాలలో రూ.15,000 ఇవ్వాలని మద్రాసు హైకోర్టు 2024 జూన్‌లో చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాలకు, పల్లెలకు ఇవే మొత్తాలను సిఫారసు చేసింది. నేను చేరిన ఛాంబర్‌లో మాత్రం మొదట ఇచ్చింది రూ.12,000, అందుచేత కాగితం మీది అంకెను నమ్ముకుని పెట్టె సర్దుకోవద్దని నా సలహా.

ఎగ్మూరులో ముగ్గురం ఉండే లేడీస్ హాస్టల్ గదికి, రెండు పూటల భోజనంతో కలిపి, రూ.7,500 అవుతుంది. ఆర్డినరీ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు, ఏ రాష్ట్రం వాళ్లని ఎవరూ అడగరు కనుక కోర్టులుండే బ్రాడ్‌వేకి నా ప్రయాణం ఉచితం. మగపిల్లలకు నెలవారీ పాసు రూ.1,000 అవుతుంది గాని, వాళ్లకు ట్రిప్లికేన్ మ్యాన్షన్లు, అంటే ఒంటరి మగవాళ్లు అద్దెకుండే చవక లాడ్జీలు, ఉన్నాయి. మధ్యాహ్నం అమ్మ క్యాంటీన్‌లో సాంబారన్నం రూ.5కే దొరుకుతుంది. అయినా ఫోను, జిరాక్సులు, తెలుపు నలుపు బట్టల ఉతుకు పోగా చేతిలో మిగిలేది చాలా తక్కువ. విడిగా ఇల్లు తీసుకోవాలంటే అడ్వాన్సు అడ్డం వస్తుంది. మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని తమిళనాడు 2017 అద్దె చట్టంలో ఉన్న మాట నిజమే; వేరే ఒప్పందం ఉంటే తప్ప అన్న మినహాయింపు కూడా అదే సెక్షన్‌లో ఉంది, ఇంటి యజమానికి అది చాలు.

నగర శివారు తాంబరం అవతల గది చవక, బ్రాడ్‌వే దగ్గరి బీచ్ స్టేషన్ దాకా లోకల్ రైలు టికెట్టు రూ.10 మాత్రమే. కాని పోను గంట, రాను గంట. పొద్దున్న రైలు బయలుదేరే చోట సీటు దొరికితే బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం) చదువుకోవచ్చు. సాయంత్రం నిలబడి వచ్చాక ఎవిడెన్స్ చట్టం తలకెక్కదు. అద్దెలో మిగిలే రూ.2,000 కంటే ఆ సాయంత్రపు గంటే విలువైనదని భావించి నేను దగ్గరి గదినే ఎంచుకున్నాను.

అసలు ప్రలోభం ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు నుంచి ఎదురవుతుంది. కాంట్రాక్టులు సరిచూసే లీగల్ ఉద్యోగానికి నాకు చెప్పిన జీతం నా స్టైఫండ్‌కు మూడింతలు. అయితే బార్ కౌన్సిల్ నియమం 49 ప్రకారం పూర్తికాల జీతగాళ్లు అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదు, అంటే ఆ ఏళ్లు మన మూడేళ్ల ప్రాక్టీసులోకి రావు. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని మాత్రం మూడేళ్ల ప్రాక్టీసు కావాలన్న సుప్రీంకోర్టు తీర్పే లెక్కలోకి తీసుకోమంది. ఇంటి అప్పు మెడ మీద ఉన్నవాళ్లు కంపెనీలో చేరితే నేను తప్పుపట్టను. అక్కడ గడిపినన్ని ఏళ్లు పరీక్ష వెనక్కి జరుగుతుందని తెలిసి చేరాలి, అంతే. అప్పు లేనివాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది: రోజుకు మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవడానికి 1979 నాటి నియమాలు అడ్వకేట్లకు అనుమతి ఇస్తున్నాయి. నేను వారాంతాల్లో కాంట్రాక్ట్ చట్టం, ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత చెబుతాను. నెలకు రూ.5,000 రావడం ఒక లాభమైతే, పాత ఐపీసీలోని 511 సెక్షన్లు 358గా ఎలా సర్దుకున్నాయో పిల్లలకు వివరించే క్రమంలో నాకు రివిజన్ జరగడం అంతకంటే పెద్ద లాభం.

పుస్తకాలకు పెద్దగా ఖర్చు పెట్టనవసరం లేదు. చట్టాలు ప్రభుత్వ వెబ్‌సైటు ఇండియా కోడ్‌లో, సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఆ కోర్టు వెబ్‌సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం. సివిల్ పేపరుకు సిటీ సివిల్ కోర్టులో ప్లెయింట్లు (దావా పత్రాలు), ఆర్డర్ 39 పిటిషన్లు (తాత్కాలిక ఇంజంక్షన్ కోరేవి) రాయడమే శిక్షణ. పగలంతా తమిళం వినే మనకు అనువాదం ప్రశ్న కోసం రాత్రిపూట తెలుగు తప్పనిసరిగా రాసుకోవాలి.

ఉద్యోగం వస్తే మొదటి మూలవేతనం రూ.77,840 అన్న ధీమాతో అప్పులు చేసేవారున్నారు. ఎప్పుడు వస్తుందో తెలియని జీతం మీద అప్పు చేయడం నాకు నచ్చదు. దానికన్నా ముందు చూసుకోవలసింది ప్రాక్టీసు ధ్రువపత్రం. దానిని సంబంధిత కోర్టు ప్రధాన న్యాయాధికారి గాని, పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు ఆ అధికారి ధ్రువీకరణతో గాని ఇవ్వాలి. కాబట్టి చేరేటప్పుడే వకాల్తాలో మీ పేరు వేస్తారా, కోర్టులో మిమ్మల్ని నిలబెడతారా అని సీనియర్‌ను వినయంగా అడగండి. ఛాంబర్‌లో టైపింగుకే పరిమితం చేసి రూ.20,000 ఇచ్చే చోటికన్నా, రూ.14,000 ఇచ్చి వకాల్తాలో పేరు వేసే చోటనే చేరమంటాను, తక్కువపడే రూ.6,000లో చాలా భాగం పాఠాలు చెప్పి తెచ్చుకోవచ్చు.