అడయారులో లేని బీరువా

సెంట్రల్ స్టేషన్ బయట ఆటోవాళ్ళు అడయారుకి 450 అన్నారు, మీటర్ వెయ్యమంటే మొహం అటు తిప్పేసుకున్నారు, ఆ డబ్బుతో కాకినాడలో ఊరంతా తిరిగి జగన్నాథపురం వంతెన దాటి మళ్ళీ ఇంటికొచ్చేయొచ్చు. చివరికి ఒకతను 350కి ఒప్పుకున్నాడు గానీ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. లాడ్జి సంగతి, మర్నాటి మహాబలిపురం సంగతి రాయను, అవన్నీ మీకు తెలిసినవే. నేను రాయాలనుకున్నది థియోసాఫికల్ సొసైటీ (దివ్యజ్ఞాన సమాజం) తోటలో గడిచిన ఒక్క పూట గురించి, అక్కడ లేని ఒక బీరువా గురించి.

దారిలో బకింగ్‌హాం కాలువ కనిపించింది. ముక్కు మూసుకోవాల్సొచ్చింది, అయినా తల తిప్పుకోలేకపోయాను. మా తాతయ్య చిన్నప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాకా ఈ కాలవల మీదే పడవలు నడిచేవని చెప్పేవాడు. 1882 మే నెలలో, ఆ ఎండల్లో, ఆ సొసైటీ పెట్టిన మేడమ్ బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ ఇదే కాలువలో పడవెక్కి నెల్లూరు వెళ్ళారు, అక్కణ్ణుంచి గుంటూరు కూడా. మేడమ్ యాభై దాటిన భారీ మనిషి, ఆరోగ్యం అంతంతమాత్రం, చేతిలో ఎప్పుడూ సిగరెట్టు. ఆవిణ్ణి చూడ్డానికి మనవాళ్ళు ఎగబడ్డారంటే ఊహించుకోండి, ఒక తెల్లావిడ వచ్చి మీ వేదాల ముందు మా చదువులు ఎందుకూ కొరగావు అంటుంటే ఆ రోజుల్లో ఎలా ఉండి ఉంటుందో.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మేడమ్ పుట్టింది 1831లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పుడది ఉక్రెయిన్. 1875లో న్యూయార్క్‌లో ఆల్కాట్, జడ్జ్ వగైరాలతో కలిసి సొసైటీ పెట్టింది, 1879లో బొంబాయిలో దిగింది, 1882 డిసెంబరుకి అడయారు నది ఒడ్డున ఈ తోటలోకి మారింది. టిబెట్ వైపు ఉండే మహాత్ములు తనకి గురువులనీ, వాళ్ళ ఉత్తరాలు గాల్లోంచి వస్తాయనీ చెప్పేది. ఇక్కడ మేడ మీద ఆవిడ గది పక్కనే ఒక గది, అందులో గోడకి ఆనించి ఒక చిన్న బీరువా. అందులో ఉత్తరం పెడితే జవాబొచ్చేది. 1883 ఆగస్టులో ఒక జనరల్ గారి ముందు ఆ బీరువాలోంచి పింగాణీ సాసరు కిందపడి ముక్కలైంది, ముక్కలు గుడ్డలో చుట్టి లోపల పెట్టి తలుపేసి, కాసేపటికి తీస్తే సాసరు మళ్ళీ చెక్కుచెదరకుండా ఉంది. ఆ టైంలో మేడమ్ ఊటీలో ఉంది, బీరువా తెరిచింది ఇల్లు చూసుకునే ఎమ్మా కూలోంబ్.

ఆ కూలోంబే మరుసటేడు ఎదురు తిరిగింది. మేడమ్ యూరప్ వెళ్ళినప్పుడు ఎమ్మానీ, వడ్రంగం పనులు తెలిసిన ఆమె మొగుణ్ణీ ఇక్కడివాళ్ళు గెంటేస్తే, మేడమ్ తనకి రాసిన ఉత్తరాలంటూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికకి ఇచ్చేసింది, 1884 సెప్టెంబరులో అచ్చయ్యాయి. ఇలాంటి వింతల్ని పరిశోధించే ఒక లండన్ సంస్థ పంపితే హాడ్జ్‌సన్ అనే కుర్రాడు విచారణకి వచ్చాడు, బీరువా వెనక గోడలో కన్నం ఉండేదన్నాడు, అలాంటి సాసర్ల జత మద్రాసు షాపులో కొన్నారన్నాడు, 1885 రిపోర్టులో ఆవిడ మోసగత్తె అని తేల్చేశారు. అది అచ్చయ్యేలోపే, 1885 మార్చి ఆఖర్లో ఆవిడ మద్రాసు ఓడెక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు, 1891లో లండన్‌లో పోయింది.

ఇవన్నీ బుర్రలో పెట్టుకుని వెళ్తే లోపల ఏముంది, నీడ! ఊరి మోత అంతా గేటు దగ్గరే ఆగిపోయింది. వందల ఎకరాల చెట్లు. పెద్ద మర్రి దగ్గర జనం ఫొటోలు తీసుకుంటున్నారు, దాని అసలు మాను 1989 గాలివానకే పడిపోయింది, ఇప్పుడు చూసేదంతా ఊడలే. అక్కడ బెంచీ మీద ఒక పెద్దాయన, తెనాలి వైపు మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు, డిసెంబరు మహాసభలకి ఏళ్ళ తరబడి వస్తున్నాడట. నా తెలుగు వినగానే పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఆ బీరువా ఉన్న గది ఎటు మాస్టారూ?" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "ఇంతదూరం వచ్చి అదా అమ్మాయ్ అడిగేది?" అన్నాడు. కానీ లేచి వెళ్ళిపోలేదు, గంట సేపు చెప్పాడు. ఆ కన్నం, బీరువా వెనక జారే చెక్కా ఆవిడ యూరప్‌లో ఉన్నప్పుడు కూలోంబ్ మొగుడు కావాలని చేసినవేనన్నాడు. 1986లో హారిసన్ అనే దస్తూరీ నిపుణుడు హాడ్జ్‌సన్ రిపోర్టు ఏకపక్షమని రాశాడనీ, అది అచ్చేసింది కూడా హాడ్జ్‌సన్‌ని పంపిన ఆ లండన్ సంస్థ పత్రికేననీ వేలు ఆడిస్తూ చెప్పాడు. అది నిజమే, నేనూ చదివాను.

"మరి బీరువా ఎందుకు కాల్చేశారు మాస్టారూ?"

గొడవ బయటపడ్డాక దాన్ని కాల్చేసింది ఆవిడ తరఫు వాళ్ళే. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "భయపడి ఉంటారమ్మా, పాదరీల చేతిలో పడితే ఊరేగిస్తారని" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు. ఆ చెక్కలు ఉండుంటే ఎవరు చెప్పింది నిజమో ఏ వడ్రంగైనా పది నిమిషాల్లో చెప్పేవాడు కదా. సత్యాన్ని మించిన ధర్మం లేదని రాసుకున్న సంస్థలో అది కాలిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

ఇంకో బాధ కూడా ఆయనతో చెప్పుకున్నాను. వీళ్ళకి మద్రాసులో అండగా నిలిచిన వాళ్ళలో ముఖ్యుడు మా కాకినాడ వాడు, తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో పుట్టాడు, తండ్రి చిన్నప్పుడే పోతే పిఠాపురం రాజావారి దివాను అయిన మేనమామ దగ్గర పెరిగాడు, మద్రాసు హైకోర్టులో వకీలు. మేడమ్ తన సీక్రెట్ డాక్ట్రిన్ రాతప్రతి దిద్దమని పంపితే, నేను దిద్దను, తిరగరాయాల్సొస్తుంది అన్న మనిషి. ఆవిడ మనిషిని దేహం నుంచి ఆత్మ దాకా ఏడు తత్త్వాలుగా విడగొడితే ఈయన ఒప్పుకోలేదు, 1888లో సొసైటీకి రాజీనామా ఇచ్చేశాడు, 1890లో చర్మవ్యాధితో పోయాడు, ముప్ఫైనాలుగు కూడా నిండలేదు. నేను చదివిన కాకినాడ స్కూల్లో ఆయన పేరు ఒక్క మాస్టారి నోటా వినలేదు.

"ఆయన గీతా ఉపన్యాసాలు చదివావా? పుస్తకాల షాపులో అడుగు, వెళ్ళు వెళ్ళు, మధ్యాహ్నం మూసేస్తారు" అని తొందరపెట్టాడు పెద్దాయన. ఉంది, కొన్నాను. బయట ఒక హోటల్లో చల్లారిన సాంబారన్నానికి 140 పెట్టి తిట్టుకుంటూ తిన్నాను.

తిరుగు రైల్లో సూళ్ళూరుపేట దాటాక తెరిచాను. 1886 డిసెంబరులో, ఇదే అడయారులో ఇచ్చిన ఉపన్యాసాలు, అంటే గొడవ జరిగి రెండేళ్ళయింది, మేడమ్ యూరప్‌లో ఉంది. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, సొసైటీ సభలోనే నిలబడి, ఆవిడ చెప్పిన ఏడు విభాగాలు పక్కన పెట్టి నేను నాలుగే తీసుకుంటాను అని మొదట్లోనే చెప్పేశాడు. మహాత్ముడు అన్నాడనో, ఉత్తరం వచ్చిందనో కాదు, ఎందుకు నాలుగో వకీలు వాదించినట్టు ఒక్కో మెట్టూ పేర్చుకుంటూ వెళ్ళాడు. పుస్తకంలో ఆ పేజీల పక్కన పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను, స్కూల్లో ఇప్పుడు తెలుగు చెప్తున్న నా ఫ్రెండుకి ఇస్తాను, ముందు పిల్లలకి ఆయన పేరైనా చెప్పమని.