భీమిలి వస్తే చేప కొనకుండా వెళ్లొద్దు

ఆదివారం వచ్చిందంటే మా ఊరి బీచ్ రోడ్డు కార్లతో నిండిపోతుంది. లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు, డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఫొటోలు, దారిలో ఏదో ఒక రెస్టారెంట్‌లో అపోలో ఫిష్, తిరుగు ప్రయాణం. ఇంతదూరం వచ్చి, ఫ్రీజర్‌లోంచి తీసిన ముళ్లు లేని ముక్కలు తిని వెళ్లిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన పాత ఊరు. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది కానీ, తిండి దగ్గర మాత్రం ఇంకా జాలర్ల ఊరే. గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు పొద్దున్నే వెళ్లండి. పడవలు ఒడ్డుకి వస్తుంటాయి, ఆడవాళ్లు ఇసకలోనే చేపలు కుప్పలు పోసి కూర్చుంటారు. తూకం తక్కువ, కుప్ప బేరమే ఎక్కువ. మీరు చూసి ముందుకి కదిలారో, "ఏటమ్మా, సూసీసి ఎల్లిపోతన్నావు? ఎంతకిమ్మంతావో సెప్పు" అని పిలుస్తారు. "ఎంతకిస్తావప్పా?" అని మొదలుపెట్టండి, అప్ప అంటే మా వైపు అక్క. మరీ సగానికి అడగొద్దు. రాత్రంతా నీళ్లలో ఉండి తెచ్చిన సరుకది.

సిటీ నుంచి వచ్చినవాళ్లు వంజరం, చందువా తప్ప ఇంకోటి అడగరు. వాటికి ధర ఎప్పుడూ ఎక్కువే. నా మాట విని కవ్వళ్లు, కానాగంతలు, గులివిందలు తీసుకోండి. కవ్వళ్లకి ముళ్లు ఎక్కువన్న మాట నిజమే. కానీ చింతపండు పులుసులో పెట్టి ఒక రాత్రి ఉంచితే, మర్నాడు ఆ రుచికి వంజరం సాటిరాదు. గులివిందలు వేపుడుకే బాగుంటాయి.

కొనేముందు మొప్ప ఎత్తి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి, గోధుమరంగులోకి తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి, మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే పూడిపోవాలి. రొయ్యకైతే తల గట్టిగా అంటుకుని ఉందో లేదో చూస్తే చాలు. పక్కనే కత్తిపీట వేసుకుని కూర్చున్న అప్పలు డబ్బు తీసుకుని శుభ్రం చేసిస్తారు. చిన్న చేపలకి చేతికి బూడిద రాసుకుని, జారకుండా పట్టుకుని, ఒక్క గీతతో పొట్ట తీసేస్తుంటే చూస్తూ నిలబడిపోతాను. కారులో ఐస్ పెట్టె ఉంటే ఇంటిదాకా బెంగ లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, ఇంజిన్ పడవలు కదలవు. తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చిందే దక్కుతుంది, అందులో నెత్తళ్లు దొరికితే వదలొద్దు. సరిగ్గా అప్పుడే పుల్ల మామిడికాయలు కూడా ఉంటాయి. నెత్తళ్లు, మామిడికాయ, పచ్చిమిర్చి, కాస్త నూనె వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పుతూ ఉడికించాలి. ఈ పులుసు కోసమే మా ఇంటికి వేసవిలో చుట్టాలు దిగుతారు.

ఎండుచేపలు వానాకాలంలో కొనకండి, చెమ్మ పట్టి ఉంటాయి. ఎండాకాలంలో ఎండబెట్టిన నెత్తళ్లు విరిస్తే పుటుక్కుమనాలి. కొన్నింటిని ఇసకలోనే ఆరబెడతారు కాబట్టి గుప్పెడు తీసి అరచేతిలో దులిపి చూడండి.

టిఫిన్‌కి పెద్ద వెతుకులాట అక్కర్లేదు. బజార్లో ఏ బండి దగ్గర ఊరివాళ్లు నిలబడి తింటున్నారో అక్కడ ఇడ్లీ, అల్లం పచ్చడి తినండి. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్: మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. కలిపిన వెంటనే తినాలి, లేకపోతే మెత్తబడిపోతుంది. వేసవిలో ముంజెలు, చలికాలంలో తేగలు దారిపొడవునా అమ్ముతారు.

900కె బస్సులో వెనక్కి విశాఖ వెళ్లేవాళ్లు ఎండుచేపల్ని రెండు కవర్లలో బిగించి కట్టించుకోండి. అడిగితే అమ్మేవాళ్లే కట్టిస్తారు.