నేను తిరిగొచ్చే రెండు ఊళ్లు

రాత్రి ‘మర్డర్, షీ రోట్’ పాత ఎపిసోడ్ ఒకటి మళ్లీ చూశాను. 1984లో మొదలై 12 సీజన్లు నడిచిన అమెరికన్ టీవీ డిటెక్టివ్ సిరీస్. హంతకుడెవరో ముందే తెలుసు, అయినా కదల్లేకపోయాను. నాకు కావాల్సింది కాబట్ కోవ్ అనే ఆ సముద్రపు ఒడ్డు ఊరు, సైకిల్ మీద వెళ్లే జెస్సికా (హత్యల గుట్టు విప్పే రచయిత్రి), ఆమెను పేరు పెట్టి పలకరించే మనుషులు.

అగాథా క్రిస్టీ నవలల్లో నేరాల గుట్టు విప్పే పెద్దావిడ మిస్ మార్పుల్ ఊరు సెయింట్ మేరీ మీడ్ కూడా అంతే. ఎక్కడ ఏ కొత్త మనిషిని చూసినా, ఆవిడకు తన ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు గుర్తొస్తారు. చిక్కుముడి అక్కడే వీడుతుంది. ఎంత అందమైన ఆలోచనో!

టెన్షన్‌తో నిద్రపట్టని పోయిన వారమంతా ఈ రెండు ఊళ్లలోనే గడిపాను. ఇవాళ లైబ్రరీ నుంచి ఇంకో మార్పుల్ నవల తెచ్చుకున్నాను.