పైచేను నీళ్ళు

గురువారం.

రేపు వరలక్ష్మీ వ్రతం. కూలికి ఎవరూ రారు, రమ్మని అడగనూ కూడదు. కలుపు ఈ రోజే అయితే బావుంటుందని నిన్న రాత్రే మా ఆయన వెళ్ళి చెప్పొచ్చారు. ఎనిమిదింటికల్లా ఆడవాళ్ళు క్యారేజీలు గట్టున పెట్టి చేలోకి దిగారు. నేనూ దిగాను.

మాది మందులు వాడని చేను. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎరువు బదులు మేం వాడే జీవామృతం గురించే అడుగుతారు. 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్ళు. రెండు రోజులు పూటపూటా కర్రతో కలియతిప్పితే ఎకరానికి సరిపోతుంది. కలుపు సంగతి మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే మందుల్లేకుండా వరి పండించడంలో ముప్పాతిక వంతు కష్టం అక్కడే ఉంది. మేం వేసేది సాంబమసూరి రకం, బీపీటీ 5204 అంటారు. 150 రోజుల పంట. మొదటి నలభై రోజులు కలుపుని అదుపులో పెడితే తర్వాత వరే దాన్ని కమ్మేస్తుంది.

ఈసారి కలుపులో ఊద గడ్డి మరీ ఎక్కువ. కారణం నీళ్ళు. కాలువ నీళ్ళు పైచేలోంచి మాకు రావాలి, విడిగా బోదె, అంటే పిల్లకాలువ, లేదు. నాట్లయిన మూడో రోజో నాలుగో రోజో పైచేను బాబాయి కలుపు మందు ఇసుకలో కలిపి చల్లుతారు. ముందుగా కబురు పెడతారు, ఆ మందు నీళ్ళు మాకు రాకుండా మేం మడవ, అంటే నీళ్ళొచ్చే గండి, కట్టేసుకుంటాం. ఆ మాట ఏ ఏడూ తప్పలేదాయన. కానీ నీళ్ళాగితే చేను ఆరిపోతుంది. రెండంగుళాల నీరు నిలిచుంటే లేవని ఊద, ఆరిన చోటల్లా లేస్తుంది. సరిగ్గా ఆ వారమే వానా మొహం చాటేసింది.

లేత ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు కాడని కలిసే చోట వరికి సన్నటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. మేస్త్రి పెద్దమ్మ వంగి చూడనైనా చూడదు, వేలితో తడిమి పీకేస్తుంది. ఆ పనితనానికి మేమిచ్చే కూలి తక్కువేనని ప్రతిసారీ అనిపిస్తుంది. కలుపు తీసే యంత్రం, వీడర్, నడపచ్చు కదా అంటారు కొందరు. దానికి నాట్లు తాడు పట్టి వరుసల్లో వేయాలి. మా వైపు ఆ అలవాటు లేదు.

మధ్యాహ్నం అత్తయ్య గోంగూర పచ్చడి, మజ్జిగ పంపింది. తిన్నాక అందరూ గట్ల వెంట పొన్నగంటి కూర కోసుకుని కొంగుల్లో కట్టుకున్నారు. “మీ గట్టు మీదైతే భయం లేకుండా కోసుకుంటాం వదినా” అంది ఒకావిడ. మందులు వాడలేదని సర్టిఫికెట్ ఉందా అని అడిగేవాళ్ళకి ఈ మాట వినిపించాలని ఉంటుంది నాకు.

అరెకరం మిగిలిపోయింది. శనివారం వస్తామన్నారు.

రాత్రి భోజనాల దగ్గర బోదె మాటెత్తాను. తూర్పు గట్టు వెంట మూడడుగుల వెడల్పున తవ్వితే రెండు సెంట్లు పోతాయి. మావయ్య సంపాదించిన నేల కదా, అత్తయ్య ఏమంటుందోనని చూశాను. “పోతే పోనీ, ఏటా ఈ అవస్థేంటి” అంది. పైచేలోంచి కూడా కాస్త తవ్వాలి కాబట్టి బాబాయి ఒప్పుకోవాలి. రేపు వాయనం తీసుకెళ్ళినప్పుడు ముందు పిన్నితో చెప్తాను. పిన్ని మాట ఆయన కాదనరు.