డబ్బా కొనకుండానే బరువు తగ్గాను

డాక్టరమ్మ గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆడవాళ్ల నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు, మీకు ఎప్పుడో దాటింది, షుగరు అంచున ఉన్నారు, అన్నం తగ్గించండి. అక్కడితో సరిపోయేది. మా ఆడపడుచు ఊరుకోదుగా, విజయనగరంలోనే ఒక బరువు తగ్గించే సెంటరుకు లాక్కెళ్లింది.

హాలు నిండా జనం. అక్కడి అమ్మాయి చెప్పులు విప్పించి, నన్ను మెషీను ఎక్కించి, మూల కూర్చుని రాసుకుంటున్న కుర్రాడికి వినబడేలా "82!" అని కేక పెట్టింది. మా వీధి టీచరు గారు అక్కడే ఉన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏం తింటారని అడిగితే అన్నం, తోటకూర పప్పు, ఉలవచారు అన్నాను. "ఉలవలా? అవి పశువులకు పెడతారు కదా ఆంటీ!" అని పక్కనున్న పిల్లతో కలిసి నవ్వింది. వంద గ్రాముల ఉలవల్లో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయమ్మా! అది తెలియని మనిషి నాకు ఆహారం గురించి పాఠం చెప్పి, చివరికి ఒక పొడి డబ్బా చేతిలో పెట్టింది. దాని ధర మా ఇంటి నెల కిరాణా కంటే ఎక్కువ. వాయిదాల్లో కూడా కట్టవచ్చట! డబ్బా బల్ల మీదే వదిలేసి వచ్చేశాను.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి. రాత్రే పిండి నీళ్లలో కలిపి పులియనిచ్చి, ఉదయం నూకలతో కాచి, చల్లారాక మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటాను. మధ్యాహ్నం కూర ఎక్కువ, అన్నం ఒక్క గరిటె. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు. చీకటి పడకముందే అయ్యకోనేరు గట్టు వైపు నడక.

అంబలి తాగితే చాలు, కరిగిపోతామని మాత్రం అనుకోకండి. చోళ్లలోనూ బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు సమానమే. చోళ్లలో పీచు ఎక్కువ కాబట్టి తొందరగా ఆకలి వేయదు, అంతే. రెండు చెంబుల అంబలి తాగి, మామూలుగానే కంచం నిండా అన్నం తింటే లావవుతారు. చోళ్లు కొని మిల్లులో ఆడించుకోండి. రాగి మాల్టు ప్యాకెట్లు కొనేవాళ్లు వెనక అక్షరాలు చదవండి, చాలావాటిలో చక్కెర ఉంటుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించవద్దు, కళ్లు తిరుగుతాయి.

ఇప్పుడు నా బరువు 74. పాత జాకెట్లన్నీ కుట్టు వేయించాను. టీచరు గారు ఆ డబ్బా కొన్నారు, వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నారట.