నేను చూసేది కాళ్లనే

మా నాన్నది అమలాపురం దగ్గర మైకుసెట్టు. కొబ్బరిచెట్టుకు బాకా స్పీకరు కట్టి, రికార్డు మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లును పసిపిల్లను పడుకోబెట్టినట్టు దింపేవారు. ఏ పాట ముందు వేయాలో ఎవరినీ అడిగేవారు కాదు. అరుగుల మీద కూర్చున్నవాళ్లను ఒకసారి చూసి వచ్చేవారు, అంతే.

ఇప్పుడు నేను డీజేని. లాప్‌టాప్‌లో వేల పాటలున్నా పని మాత్రం అదే. 1973 నుంచి న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పార్టీలకు పాటలు వేసిన కూల్ హెర్క్ అనే డీజే కూడా జనాన్నే చూశాడు. డ్రమ్ము ఒంటరిగా మోగే చోటు కోసమే వాళ్లు కాచుకుని ఉన్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ కాసింత ముక్కనే సాగదీశాడు.

మొన్న మలికిపురం వైపు ఒక పెళ్లిలో కుర్రాళ్లు గంటసేపు ఎగిరారు. పక్కన కుర్చీలో ఒక మామ్మగారు చెవులు మూసుకుని కూర్చున్నారు. బేస్ తగ్గించి, దరువు తెగకుండా, పాట శబ్దాన్ని పెంచి తగ్గించే మీట ఫేడరును బియ్యపుగింజంత చొప్పున జరుపుతూ ఒక పాత పాటలోకి దిగాను. ఆవిడ చేతులు ఒడిలోకి వచ్చాయి. కాసేపటికి చెప్పులో బొటనవేలు తాళం వేసింది. కుర్రాళ్లూ ఆగలేదు!

గుండెలు అదరగొట్టడమే డీజే అనుకునేవాళ్లంటే నాకు కోపం. నీళ్ల మీద శబ్దం ఎంత దూరం పోతుందో కాలువగట్టున పుట్టినవాడికి తెలియాలి. అవతలి గట్టున పసిపిల్లలుంటారు. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్నది నిబంధన. నేను 9.45కే నెమ్మదిస్తాను. చివరి పాట మాత్రం పెళ్లికూతురి నాన్నను అడిగి వేస్తాను.