కాంక్రీటుతో పల్లీలు ఒలిచే యంత్రం: సందు కుదిరితేనే పని

పల్లీలు ఒలవడానికి చేత్తో తిప్పే చవక యంత్రాల్లో, నా లెక్కన, పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం కోసం పుట్టినదే మేలు. 2001లో అక్కడి ఓ పల్లెకు నీటి పరికరం బాగుచేయడానికి వెళ్లిన జాక్ బ్రాండిస్, కాయలు ఒలిచే యంత్రం తెచ్చిస్తానని ఆడవాళ్లకు మాటిచ్చాడు. తీరా వెతికితే వాళ్లు కొనగలిగేది దొరకలేదు. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ విలియమ్స్ ఓ బల్గేరియా నమూనా గురించి చెబితే, దాన్ని కాంక్రీటులో పోత పోసేలా మార్చాడు. ఫైబర్‌గ్లాస్ అచ్చు ఒక్కటి ఉంటే ఎన్నయినా పోసుకోవచ్చు. ఇనుము వాడేది ఇరుసుకూ, హ్యాండిల్‌కూ, నట్లు, వాషర్లకే.

బయట కదలని డొప్ప, లోపల తిరిగే దిమ్మె. రెంటి మధ్య సందు పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. కాయ దొర్లుతూ దిగి, తన లావుకు సరిపడే చోట రాసుకుని పగులుతుంది. ఇరుసు మీది నట్టు తిప్పి దిమ్మెను పైకో కిందికో జరిపితే సందు మారుతుంది. మొదట వదులుగా పెట్టి గుప్పెడు కాయలు పోసి చూడాలి. కాయలు పగలకుండా దిగుతుంటే పావు చుట్టు చొప్పున బిగించాలి, పప్పు బద్దలవుతుంటే వదులు చేయాలి. చిన్న కాయలు కొన్ని ఎలాగూ జారిపోతాయి. వాటికోసం బిగిస్తే పెద్ద కాయల పప్పు నుజ్జవుతుంది. జల్లెడ పట్టి, చిన్నవాటిని విడిగా రెండో విడత ఆడించడమే దారి.

ఒక పక్క పప్పు నలిగి, ఇంకో పక్క కాయ కాయగానే దిగితే నట్టుతో పనిలేదు, ఇరుసు మధ్యకు లేదన్నమాట. పోత పోసేటప్పుడే అది వంకరపోయి ఉంటుంది. పోతకు కంకర వద్దు, సన్నగా జల్లించిన ఇసుక, సిమెంటు చాలు. నీళ్లు ఎక్కువైతే పోయడం సులువే గానీ పైపొర బలహీనపడి, ఇసుక రాలి పప్పులో కలుస్తుంది. పోత పోశాక కనీసం 7 రోజులు దాని తడి ఆరనివ్వకూడదు. అచ్చుకు పూసేది వంటనూనే కావాలి, ఇంజిన్ ఆయిల్ కాదు. మొదటి రెండు మూడు విడతల పప్పు పారెయ్యాలి.

అన్నిటికన్నా ముఖ్యం తేమ. చేత్తో ఒలిచేవాళ్లు పెంకు మెత్తబడాలని కాయలు తడుపుతారు. మన దగ్గర కూడా పప్పు విరగకూడదని యంత్రంలో పోసే ముందు నీళ్లు చల్లే అలవాటుంది. ఆ తడి ఆరకుండా నిల్వ పెడితే బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఆ విషం వేయించినా పూర్తిగా పోదు. ఈ యంత్రానికి పొడి కాయే కావాలి: కాయను ఊపితే లోపలి పప్పు గలగలమనాలి. మెత్తగా ఉన్న కాయ పగలదు, సాగి నలుగుతుంది. అందుకే గంటకు ఎన్ని కిలోలు ఒలుస్తుందన్న లెక్క కంటే తడపక్కర్లేకపోవడమే దీని గొప్ప అంటాను.

పొట్టు, పప్పు కలిసే పడతాయి. గాలికి తూర్పారబట్టాలి, లేదా చాటతో చెరగాలి. ఆ తర్వాత గింజలు ఏరాలి. పొర చెదరనివి విత్తనానికి. బద్దలు త్వరగా ముక్కవాసన పడతాయి కాబట్టి వాటిని వెంటనే వేయించి ముద్ద చేయడమో, నూనె ఆడించడమో మంచిది. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ నూనెకు కూడా వెయ్యొద్దు.